ముప్పై రెండో చెయ్యి

12 ఆగస్టు 2012, ఆదివారం, మధ్యాహ్నం 2

ఈరోజు చర్చిలో చెయ్యెత్తాను.

ఆరాధన అయ్యాక మీటింగ్ పెట్టారు. విషయం ఒక్కటే. మా సంఘాన్ని నడపడానికి ఎల్డర్లు, అంటే పైన ఉండి నిర్ణయాలు తీసుకునే పెద్దలు కావాలా, లేక ఇప్పటిలాగే సభ్యులే అన్నీ తేల్చుకుని, పనులు చూసే డీకన్లకు అప్పజెబితే చాలా? ఎల్డర్లు కావాలన్నది పాస్టర్ కనకరాజు. మా నాచారం లోకల్ మనిషి. వద్దన్నది హెడ్ డీకన్ విశ్వనాథం గారు. ఒంగోలు వైపు మనిషి, రైల్వేలో రిటైరయ్యారు.

పాస్టర్ లేచి, బైబిల్ల డీకన్లు బల్లల కాడ వడ్డించిన్రు, మనోళ్లేమో బల్లెక్కి కూసున్రు అన్నాడు. అందరూ నవ్వారు. విశ్వనాథం గారు నవ్వలేదు. మా ముత్తాతను గుండ్లకమ్మ ఏట్లో ముంచి బాప్తిస్మం ఇచ్చిననాడు ఆయన నెత్తిమీద బిషప్పూ లేడు, పెద్దా లేడు, బాప్టిస్టు సంఘంలో ఎత్తిన ప్రతి చెయ్యీ ఒకటే బరువయ్యా అన్నారు.

సంఘం సెక్రటరీ గోపాలరావు వరసల మధ్య నడుస్తూ, ఎల్డర్లు వద్దని చెయ్యెత్తిన ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టాడు. నా భుజం తట్టి ముప్పై రెండు అన్నాడు. నా తర్వాత ఎవరూ లేరు. ఎల్డర్లు కావాలన్నవాళ్లు ముప్పై ఒకటి.

విశ్వనాథం గారు గెలిచారు. నా ఒక్క చేత్తో.

నాకు బాప్తిస్మం కాలేదు.

13 ఆగస్టు, సోమవారం

నిన్న రాసింది మళ్లీ చదివాను. కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు.

మా చర్చిలో నీళ్లలో మునిగినవాళ్లే సభ్యులు. సభ్యులకే ఓటు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. నమ్ముతున్నానని ఎవరికి వాళ్లు నోటితో చెప్పాలి. వేరే ఊరి చర్చి నుంచి వస్తే అక్కడి పాస్టర్ లెటర్ తేవాలి.

రెండేళ్ల కింద మా కంపెనీ క్యాంటీన్‌లో చేసే సత్తమ్మ, ఆదివారం రూంల గోడలు సూస్కుంట ఏం జేస్తవ్ రా మహేశ్, మా చర్చికి రారాదు అంది. పోయాను. నీకు బాప్తిస్మం అయిందా బాబూ అని విశ్వనాథం గారు అడిగారు. అయింది, భువనగిరిలో అన్నాను. ఎందుకన్నానో తెలియదు. కాలేదంటే వెనక్కి పంపేస్తారేమో అనుకున్నా. లెటర్ తర్వాత తెస్తా అంటే, నీ మాట చాల్లే అని ఆయనే రిజిస్టర్‌లో రాసేశారు. ఉమామహేశ్వర్. ఎనిమిదో క్లాసులో స్కూల్ మానేశాక నా పూర్తి పేరు ఎవరైనా రాయడం అదే మొదలు.

15 ఆగస్టు

హాలిడే. కంపెనీలో నేను నడిపే లేత్ మిషన్ లేదు, దాని సౌండ్ లేదు. ఎవరూ ఫోన్ చేయలేదు.

బాప్టిస్టులు ఎలా మొదలయ్యారో విశ్వనాథం గారు ఒకసారి బైబిల్ స్టడీలో చెప్పారు. నాలుగొందల ఏళ్ల కింద ఇంగ్లాండ్ నుంచి హాలండ్ పారిపోయిన ఒక పాస్టర్, ఇచ్చేవాళ్లు ఎవరూ లేక తనకు తనే బాప్తిస్మం ఇచ్చుకున్నాడట. పొద్దున బకెట్ నీళ్లు తలమీద గుమ్మరించుకుంటుంటే అది గుర్తొచ్చింది. ఆయనకు నమ్మకం ఉంది, నీళ్లే కావాల్సొచ్చాయి. నాకు నీళ్లున్నాయి.

19 ఆగస్టు, ఆదివారం

పాస్టర్ రాజీనామా చదివాడు. సంఘం నా మాట వద్దంది, సంఘం మాటే నాకు ఫైనల్ అన్నాడు. నెలాఖరుకి చర్చి వెనక పాస్టర్‌కిచ్చే ఇల్లు ఖాళీ చేస్తాడట. ఆయన భార్య కీర్తనక్క తల ఎత్తలేదు. పాప స్కూల్ మధ్యలో ఉంది, దమ్మాయిగూడలో చెల్లెలింట్లో దిగుతారని సత్తమ్మ చెప్పింది.

బయట ఆయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఏం తమ్మీ, మంచిగున్నవా, జర బక్కగైనవ్ అన్నాడు.

22 ఆగస్టు, సాయంత్రం 7

ఉప్పల్ పోయి విశ్వనాథం గారికి చెప్పేశాను. ఆయన భార్య హైమావతమ్మ ఉప్మా పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక చెప్పాను.

ఆయన లేచి తలుపు దగ్గరికేశారు. ఎవరికీ చెప్పబాక అన్నారు. వచ్చేవారం తెలిసిన పాస్టరు దగ్గర గుట్టుగా బాప్తిస్మం ఇప్పిస్తారట, పాత తేదీతో లెటర్ కూడా రాయిస్తారట. నీకోసం కాదురా, సంఘం కోసం అన్నారు. నేను లేవబోతే, నిన్ను నమ్మి రాసినందుకు నా పరువు తీస్తావా అన్నారు.

ఎత్తిన ప్రతి చెయ్యీ ఒకటే బరువన్న మనిషి.

ప్లేట్ అలాగే పెట్టి వచ్చేశాను. బస్‌లో సీట్లున్నా నిలబడ్డాను.

25 ఆగస్టు

ఈ చర్చి లేకపోతే ఆదివారం నేను ఎక్కడికి పోవాలి?

26 ఆగస్టు, ఆదివారం

ఆరాధన అయ్యాక అందరి ముందు లేచి చెప్పాను. నాకు బాప్తిస్మం కాలేదు, అబద్ధం ఆడాను, ఆ ఓటు చెల్లదు అన్నాను. లెటర్ ప్లాన్ గురించి చెప్పలేదు.

వెనక నుంచి ఎవరో, దొంగోటు ఎలక్షన్లల్ల సూసినం, గిప్పుడు గుళ్లె గూడ వచ్చింది అన్నారు. సత్తమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. లెటర్ లేంది పేరెట్ల ఎక్కింది అని గోపాలరావు అరిచాడు. విశ్వనాథం గారు లేచి, నేనే రాశాను అన్నారు. ఆగి, అంతేకాదు, దీన్ని దొంగ లెటర్‌తో కప్పెట్టమని చెప్పింది కూడా నేనే అన్నారు. డీకన్ పని ఈరోజుతో వదిలేస్తున్నా అని కూర్చున్నారు.

పాస్టర్ నన్ను అడిగాడు. యేసును నమ్ముతున్నవా, తమ్మీ? ఊ అంటే గీ నెలలనే నీళ్లల్లకు దిగుదాం.

ఊ అనేయొచ్చు. అందరూ నన్నే చూస్తున్నారు.

తెల్వది అన్నా.

మంచిగ జెప్పినవ్, తెల్వనోన్ని ముంచితే తడుస్తడు గంతే, తెలిసిన్నాడు రా, గప్పటిదాంక వచ్చి కూసో అన్నాడు. రిజిస్టర్‌లో నా పేరు మీద గీత గీశారు. ఇప్పుడు ముప్పై ఒకటికి ముప్పై ఒకటి, మళ్లీ ఓటింగ్ పెట్టేదాకా పాస్టర్‌ని ఉండమన్నారు.

27 ఆగస్టు

లేత్ మీద మూడు పీసులు పాడుచేశాను.

16 సెప్టెంబర్, ఆదివారం

మళ్లీ ఓటింగ్. సభ్యులు కానివాళ్లు బయటికి పోవాలన్నారు. కానివాణ్ని నేనొక్కణ్నే. గేటు దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డాను. ముప్పై ఎనిమిది, ఇరవై నాలుగు. ఎల్డర్లు వస్తారు. పాస్టర్ ఇల్లు ఖాళీ చేయడం లేదు. విశ్వనాథం గారు నా పక్కనుంచే చెప్పులేసుకుని వెళ్లారు. నా వైపు చూడలేదు.

7 అక్టోబర్, ఆదివారం

ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం. బాప్తిస్మం కానివాళ్లు, మనసులో దేవుడితో లెక్క తేలనివాళ్లు రొట్టె తీసుకోరు. చివరి వరసలో ఒక్కణ్నే కూర్చున్నా. పాట మధ్యలో విశ్వనాథం గారు వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. పళ్లెం వచ్చింది. నేను తీసుకోకుండా ఆయనకిచ్చాను. ఆయన కాసేపు పట్టుకుని, తీసుకోకుండా నాకే ఇచ్చారు.