కషాయంలో సగం

వైద్యులుగారికి నమస్కారం. కోడి కెలికినట్టున్న ఈ రాతకూ, తప్పులకూ ఏమీ అనుకోకండి. నా చదువు ఐదో తరగతితో సరి.

థైరాయిడుకు మీ కషాయం వాడుతున్నది నా భార్య. డాక్టరుగారిచ్చిన పొద్దుటి మాత్ర కూడా మానలేదు. అయినా పగలంతా మంచం మీదే ఉంటోంది. ఇంటిపనితో నేనూ అలిసిపోయాను. గుణం కనపడలేదని ఈ గురువారం కషాయం మోతాదు పెంచుతామన్నారట. పెంచకండి. రెండు నెలలుగా గ్లాసులో సగం నేనే తాగుతున్నాను.

"ఈ చేదు నా ఒక్కదానికేనా? మీరూ తాగండి" అంటుంది. కాదంటే గ్లాసు ముట్టదు. ఆడవాళ్ల మందు తాగానంటే నవ్వుతారని మీకు చెప్పలేదు.

మొత్తం తనే తాగాలని, మీకే తోచినట్టు, తన పేరున ఒక ముక్క రాయండి. నా మాట వినదు. చేదు నాకు అలవాటైంది లెండి, తన నీరసమే చూడలేకపోతున్నాను. గురువారంలోగా జవాబు అందేలా చూడండి.