పదిహేడో నంబరు ఇంకా లోయలోనే

పై గేటు గది,
సోమవారం.

పదిహేడో నంబరు గారికి నమస్కారం.

నేను లోయ బాటకి పై గేటు దగ్గర కాపలా మనిషిని. కింది గేటు దగ్గర మా బావమరిది ఉంటాడు. లోయ చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషికీ వాడు నంబరున్న చెక్కబిళ్ళ ఒకటి ఇస్తాడు. నది పక్కనే నాలుగు మైళ్ళు నడిచి పైకి వచ్చాక ఆ బిళ్ళ నాకివ్వాలి. నేను బోర్డు మీద మేకుకి తగిలిస్తాను. సాయంత్రానికి మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోయలోనే ఉన్నట్టు లెక్క.

పోయిన గురువారం నుంచి పదిహేడో మేకు ఖాళీగా ఉంది. రూలు ప్రకారం మీరు లోయలో ఉన్నారు. లోయలో ఎక్కడున్నారో తెలియజేయగలరు.

ఇట్లు,
పై గేటు కాపలా.

తా.క.: మీ చిరునామా బావమరిది పుస్తకంలో దొరికింది. లోయలో ఉన్న మనిషికి ఇంటికి ఉత్తరం రాయడం సబబు కాదని తెలుసు. వేరే చిరునామా లేదు.

---

ఇంటి నుంచి,
గురువారం.

కాపలాదారు గారికి నమస్కారం.

మీ ఉత్తరం నేను మా ఇంట్లో కుర్చీలో కూర్చుని టీ తాగుతూ చదువుకున్నాను. కాబట్టి లోయలో లేను. ఉంటే నాకు తెలియకుండా ఉండదు కదండీ.

ఆ రోజు మా బైండింగు షాపులో కోత మిషను పాడైందని సెలవిచ్చారు. అరవై ఏళ్ళొచ్చాయి, ఇంకెప్పుడు చూస్తానని ఒక్కదాన్నే బయల్దేరి వచ్చాను. కొండగోడకి కొట్టిన చెక్కల మీద తాడు పట్టుకుని నడిచాను. ‘పిల్లి నడక’ అని మీరు పలక మీద రాసిపెట్టిన ఇరుకు చోట అడ్డంగా తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని దాటాను. మూడో వంతెన దగ్గర నీళ్ళ హోరుకి నేను ఏమనుకుంటున్నానో నాకే వినపడలేదు. తలెత్తితే ఆకాశం రిబ్బను ముక్కంతే ఉంది. ఎంత బాగుందో.

నాలుగింటికి పైకి వచ్చాను. గేటు దగ్గర మీరున్నారు. నన్ను చూసి దగ్గారు. ‘వస్తానండీ’ అన్నాను. మళ్ళీ దగ్గారు. లోయలో ఉన్న మనిషిని చూసి గేటు దగ్గర ఎవరైనా దగ్గుతారా?

బిళ్ళ దారిలో ఎక్కడో పడిపోయి ఉంటుంది. చెక్కముక్కే కదా, ఇంకోటి చెక్కి తగిలించెయ్యండి.

ఇట్లు,
ఇంట్లోనే ఉన్న మనిషి.

తా.క.: దగ్గుకి వేడినీళ్ళు తాగండి.

---

పై గేటు గది,
ఆదివారం.

పదిహేడో నంబరు గారికి నమస్కారం.

దగ్గిన మాట నిజమే. కానీ రూలులో దగ్గు లేదు. బిళ్ళే ఉంది.

బిళ్ళలన్నీ చెక్కేది నేనే. ఇంకోటి చెక్కడం అరగంట పని. కానీ అది దొంగబిళ్ళ. ఇవాళ దొంగబిళ్ళ తగిలిస్తే, రేపు నిజంగా జారిపడ్డ మనిషిని వెతకడానికి ఎవరూ దిగరు. అందుకని చెక్కలేదు.

రోజూ పొద్దున్నే మిమ్మల్ని పిలుచుకుంటూ కింది గేటు దాకా దిగుతున్నాను. నిన్న మూడో వంతెన దగ్గర ‘పదిహేడో నంబరూ’ అని పిలిస్తే ఒకాయన పలికాడు. చూస్తే ఆయనది నలభయ్యో నంబరు. ఒంటరిగా అనిపించింది, ఎవరో ఒకరు పిలిచారు కదా అని పలికాడట.

ఈ నెలాఖరు శనివారంతో నా ఉద్యోగం అయిపోతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు చూసిన బోర్డు కొత్తవాడికి అప్పజెప్పాలి. అప్పటికీ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి పేరు గేటు పక్క రాతి మీద చెక్కించాలి. ‘లోయలో ఉండిపోయినవారు’ అని పైన ఎప్పుడో చెక్కేశారు. కింద నా కాలంలో ఒక్క పేరూ పడలేదు. ఒక్కటీ పడకుండా దిగిపోవాలని నా కోరిక.

ఇట్లు,
పై గేటు కాపలా.

తా.క.: రాయి చెక్కే ఆయన మీ పేరులో అక్షరాలెన్ని అని అడుగుతున్నాడు. తొందరేం లేదు.

---

ఇంటి నుంచి,
బుధవారం.

పై గేటు గారికి నమస్కారం.

మీ ఉత్తరం మా మరిది విప్పాడు. మా చెల్లెలి భర్త. వాళ్ళింట్లోనే మేడమీద గదిలో నేనుంటాను. ఆయన మా వీధి సంఘానికి కార్యదర్శి. ‘లోయలో ఉండిపోయినవారు’ అన్న ముక్క దాకా చదివాడు. ఆ తర్వాతది చదివే ఓపిక లేక వీధిలోకి పరుగెత్తాడు.

నేను షాపు నుంచి వచ్చేసరికి హాలు నిండా జనం. తలుపు తీసుకుని లోపలికి వచ్చింది నేనే అని చూసి కూడా ఎదురింటావిడ ఏడుపు ఆపలేదు. ‘ఇప్పుడే మొదలుపెట్టానండీ, ఒక్క నిమిషం’ అంది. పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ టీ నేనే పెట్టాను.

అయితే ఒక మేలు జరిగింది. సంఘం వార్షికోత్సవానికి స్వాగతగీతం పాడమని రెండేళ్ళుగా నా ప్రాణం తీస్తున్నారు. ఈసారి మీ ఉత్తరం చూపించి, ‘నేను లోయలో ఉన్నానండీ, రూలు’ అన్నాను. కిక్కురుమనకుండా వెళ్ళిపోయారు. కాబట్టి నాలుగు రోజులు నన్ను అక్కడే ఉండనివ్వండి.

ఇంతకీ ఇవాళ నేను లోయలో ఎక్కడున్నాను?

ఇట్లు,
పదిహేడు.

తా.క.: నా పేరులో ఐదు అక్షరాలు, ఒక ఒత్తు. చెక్కించమని కాదు. అడిగారని చెప్పాను.

---

పై గేటు గది,
సోమవారం.

పదిహేడో నంబరు గారికి నమస్కారం.

ఇవాళ మీరు రెండో వంతెన దాటాక ఎడమ చేతి వైపు రాతి బల్ల మీద ఉన్నారు. పదింటికి అక్కడ ఎండ పడుతుంది. అరగంటే ఉంటుంది. అందుకని మిమ్మల్ని అక్కడ ఉంచాను.

నది నిన్నటికి జానెడు తగ్గింది. అడుగున రాళ్ళు కనబడుతున్నాయి. పచ్చవి, ఎర్రవి. పిల్లి నడక దగ్గర కాలికింది చెక్క ఒకటి కదులుతుంటే మేకు కొట్టాను. మీరు వెళ్ళేటప్పుడు చూసుకుని వెళ్ళండి.

ఇంకా పన్నెండు రోజులుంది.

ఇట్లు,
పై గేటు.

తా.క.: మీ మరిదిగారు ఉత్తరం రాశారు. మీరు లోయలో ఉన్నట్టు సంతకం చేసి, ముద్ర వేసి కాగితం పంపమన్నారు. బోర్డు మీద ఉన్నమాటే కదా అని పంపాను.

---

ఇంటి నుంచి,
శనివారం.

అయ్యా పై గేటు గారూ,

ఎంత పని చేశారండీ! మా మరిది మీ కాగితానికి అద్దం కట్టించి హాల్లో తగిలించాడు. ‘వదినగారు లోయలో ఉన్నట్టు ముద్ర ఉంది కాబట్టి మేడమీద గది ఖాళీ’ అని సంఘం వాళ్ళ మడతకుర్చీలు నలభై తెచ్చి నా గదిలో పడేశాడు.

‘ఇదేమిటయ్యా, నేను నీ ఎదురుగా నిలబడి ఉంటే!’ అన్నాను.

‘లోయలో ఉన్నానని మీరే కదా వదినగారూ చెప్పుకున్నారు. పైగా పాట కూడా తప్పించుకున్నారు’ అన్నాడు.

మా చెల్లెలు చూస్తే, ‘ఆయనతో పెట్టుకోకే అక్కా, ముద్ర చూస్తే ఆయనకి నోరు లేస్తుంది’ అంటుంది. ఇప్పుడు నా మంచం దాకా వెళ్ళాలంటే అడ్డంగా తిరిగి కడుపు లోపలికి పీల్చుకోవాలి. మీ పిల్లి నడకే నయం, అక్కడ తాడన్నా ఉంది.

ఇక దాచి లాభం లేదు. బిళ్ళ పోలేదు, నా దగ్గరే ఉంది.

ఆ రోజు లోయంతా దాన్ని చేతిలోనే పట్టుకుని నడిచాను. ఒక అంచు పలచన, ఒక అంచు గుండ్రం, బొటనవేలు ఆనడానికి మధ్యలో చిన్న పల్లం. కాగితాల మడత నొక్కడానికి ముప్పై ఏళ్ళుగా నేను వెతుకుతున్న చెక్క అది. గేటు దగ్గర మీకివ్వాలనే చెయ్యి ఎత్తాను. ఆ చెయ్యి సంచిలోకి పోయింది. రోజూ షాపులో దాంతోనే మడతలు నొక్కుతున్నాను. మొదటి ఉత్తరంలో అబద్ధం రాశాను. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. ఆ తర్వాత లోయలో ఉండటం అలవాటైంది.

ఈ వయసులో మిమ్మల్ని రోజూ నాలుగు మైళ్ళు తిప్పాను. నన్ను ఎన్ని తిట్టినా పడతాను. నెలాఖరు శనివారం వస్తాను. బస్సులో నేరుగా మీ గేటుకి రాను. కింది నుంచి లోయలోంచే నడిచి వస్తాను, బయటికి వచ్చినట్టు లెక్క సరిగ్గా ఉండాలి కదా. నాకు బిళ్ళ ఇవ్వక్కర్లేదని మీ బావమరిదిగారితో చెప్పండి.

ఇట్లు,
పదిహేడు.

తా.క.: బిళ్ళకి జిగురంటింది, అంకె అరిగింది. ఏడు ఒకటిలా కనబడుతోంది. పదకొండు అనుకుని వేరే మేకుకి తగిలించకండి. ఇంకొకరెవరో లోయలో ఉండిపోతారు.

---

పై గేటు గది,
మంగళవారం.

పదిహేడో నంబరు గారికి నమస్కారం.

ఉత్తరం అందింది. తిట్టడం నాకు రాదు.

మీరు బిళ్ళ సంచిలో వేసుకోవడం నేను చూశాను. అడుగుదామని నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. మళ్ళీ తెరిచాను. మళ్ళీ అదే వచ్చింది. ఈలోగా మీరు ‘వస్తానండీ’ అని వెళ్ళిపోయారు. నోటితో అడగలేనిది రాసి అడుగుదామని కూర్చున్నాను. రాయడంలోనూ అదే తంతు. మీ సంచిలో ఉంది అని రాయలేక రూలు రాశాను.

మీరు ఇంట్లోనే ఉన్నారని తెలిసీ రోజూ ఎందుకు దిగి పిలిచానని మీరడుగుతారు. మేకు ఖాళీగా ఉంటే పిలవాలి, అది రూలు. మొదటి రెండు రోజులు రూలు కోసమే పిలిచాను. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. మూడో రోజు గట్టిగా పిలిస్తే ఎదురుకొండ కూడా పిలిచింది. బాగుందనిపించింది.

మీ మరిదిగారికి ఇంకో కాగితం పంపాను. ‘పదిహేడో నంబరు వారు వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటి నుంచి బయట ఉంటారు’ అని రాసి రెండు ముద్రలు వేశాను. కుర్చీలు తీస్తారు.

మీరు నాలుగింటికల్లా పైకి రండి. బోర్డు తీసుకునే కొత్తవాడిని ఆరింటికి రమ్మన్నాను. రాయి చెక్కే ఆయన్ని రావద్దన్నాను.

ఇట్లు,
పై గేటు.

తా.క.: మడతలు నొక్కడానికి అదే కొలతలో ఇంకోటి చెక్కాను. అరగంట పని అన్నాను కానీ రాత్రంతా పట్టింది. దాని మీద నంబరు లేదు. అది మీదే. ఇచ్చేటప్పుడు నేను దగ్గితే వెళ్ళిపోకండి. కాసేపు ఆగండి. వెనకాల మాట ఉంటుంది.