ముక్కు వదలని చెయ్యి

ఇబ్రహీంపట్నం,
మంగళవారం

నా సునంద వదినకు,

నీ తమ్ముడికి చెప్పే ధైర్యం లేదు, ఫోనులో నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను. చదివాక తిడతావో కొడతావో నీ ఇష్టం.

మన్నెగూడ దగ్గర మనిషి ఆకారం రోబోలు తయారుచేసే షెడ్డులో పని దొరికిందని చెప్పాను కదా. నిజానికి ఆ పని మన ఇంట్లోనే. నుదుటికి కెమెరా కట్టుకుని అంట్లు తోముతాను, బట్టలు మడతపెడతాను, అత్తమ్మకు అన్నం తినిపిస్తాను. ఆ వీడియోలు చూసి రోబో నేర్చుకుంటుంది. ఒక్కొక్కటీ విడిగా చెప్పనక్కరలేదట, మనిషిలాగే ఆలోచించి కొత్త పనులు కూడా చేస్తుందట.

పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పటి నుంచి అత్తమ్మ మందు మింగదు, పళ్ళు బిగించేస్తుంది. మా దీక్షిత్ పసివాడుగా ఉన్నప్పుడు ముక్కు మూసి ఉగ్గు పోయడం ఆమే నాకు నేర్పింది. వదినా, ఆమెకు నేను అదే చేశాను. ఒకసారి కాదు, నెల రోజులుగా. ఊపిరాడక నోరు తెరవగానే మందు పోసి వదిలేసేదాన్ని. కెమెరా ఉందన్న సోయి కూడా లేదు.

నిన్న షెడ్డుకు పిలిచారు. మంచం మీద ముసలామె బొమ్మ ఒకటి పడుకోబెట్టి ఉంది. రోబో చెంచా నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. బొమ్మ నోరు తెరుస్తుందా? రోబో ఎడమచెయ్యి లేచి, రెండు వేళ్ళతో బొమ్మ ముక్కు మూసింది. చిటికెన వేలు విడిగా పెట్టి, అచ్చం నాలాగే. ఎంతసేపు చూసినా అది వదల్లేదు. ఇంజనీరు నిశాంత్ మాత్రం మురిసిపోయాడు.

"అక్కా, గిది మేం నేర్పలే. దానంతటదే పట్టుకున్నది" అన్నాడు.

వచ్చే సోమవారం దాన్ని ఒక వృద్ధాశ్రమానికి పంపుతారట. నోరు విప్పితే పని పోతుంది, ఇంట్లో తెలిసిపోతుంది. విప్పకపోతే అక్కడ ఏ ముసలమ్మ ప్రాణం పోతుందో. వదినా, ఏం చెయ్యను?

నీ మరదలు
సింధు

ఇబ్రహీంపట్నం,
శుక్రవారం

వదినా,

నీ జవాబు వచ్చేదాకా ఆగలేకపోయాను. నిశాంత్‌కు అంతా చెప్పేశాను.

"మనిషికి ఊపిరి ఆగుతది తమ్మీ. ఎప్పుడు వదలాల్నో నాకు తెలుసు, దానికి తెల్వది" అన్నాను.

అతని ముఖం పాలిపోయింది. ఆ ఒక్క అలవాటూ విడిగా తీసెయ్యడం కుదరదట, నేర్చినవన్నీ కలిసిపోయి ఉంటాయట. పంపడం మాత్రం ఆపేశారు. నన్ను పనిలోంచి తీసేశారు. నీ తమ్ముడికీ చెప్పాను. ఆయన నాతో మాట్లాడటం లేదు.

ఇంక భయపడాల్సింది ఏమీ లేదనుకున్నాను. సాయంత్రం మందు తేనెలో కలుపుకుని అత్తమ్మ పక్కన కూర్చున్నాను. ముందు మూతి తుడుద్దామని చెయ్యి చాచాను. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, పనిచేసే ఆ ఒక్క చేతినీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ఎప్పుడు వదలాలో నాకు తెలుసని షెడ్డులో గొప్పగా చెప్పి వచ్చాను. ఈ నెల రోజులూ ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు వదినా?

ఈ ఉత్తరం అందగానే బయలుదేరి రా. మందు నీ చేత్తో పట్టు.

సింధు