గౌరి తనే వేసుకున్న సూది

అక్కా,

నీ కూతురు గౌరికి ఈ ఉదయం ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

కడుపుతో ఉండగా గౌరికి సుగర్ బాగా పెరిగింది, ఇన్సులిన్ వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు, సూదికి భయపడి నువ్వు ఇన్సులిన్ వద్దన్న రోజులు కళ్లముందు తిరిగాయి. గౌరికీ ఆ భయం ఉంటుందని, నేనే వేద్దామని సూది తీశాను. గౌరి నా చేయి పట్టుకుంది.

"ఇలాగియ్యి పిన్నీ, నానే ఏసుకుంతాను. ఎల్లకాలం నువ్వే ఏత్తావేటి?"

మొదటిసారి కళ్లు గట్టిగా మూసుకుంది. తర్వాత అలవాటైపోయింది. పళ్లెంలో అన్నం తగ్గించి, కూరా చేపలూ ఎక్కువ పెట్టుకునేది. అల్లుడు చేపల వేట నుంచి అలసిపోయి వచ్చినా, తిన్నాక గౌరితోపాటు సముద్రం ఒడ్డున నడిచేవాడు.

ఈరోజు పాపకూ సుగర్ చూశారు, బాగానే ఉంది. గౌరికీ తగ్గింది. అయితే ముందుముందు మళ్లీ రావచ్చని, ఏటేటా పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. నా మొహం చూసి గౌరి నవ్వేసింది. పాపను నా ఒళ్లో పెడుతూ అంది:

"సేయించుకుంతాను పిన్నీ. అమ్మ నా పెళ్లి సూడనేదు. నాను దీని పెళ్లి సూడాల."