గోదారి మీద నడిచిన బొమ్మ

అమ్మా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. దుమ్ముగూడెంల మనింట్లనే జ్ఞాపకార్థ కూడిక పెట్టినం. ప్రార్థన అయినంక నీ తెల్ల దుప్పటి గోడకు కట్టి, నేను చేసిన బొమ్మల సినిమా అందరికీ చూపించిన. "బొమ్మలేసుకుంట ఎట్ల బతుకుతవే?" అంటుంటివి. బతుకుతున్న సూడు.

అందుల ఒక పిల్ల గోదారి నీళ్ల మీద నడుస్తది. అడుగేసినకొద్దీ వయసు పెరుగుతది. జడ తునికాకులై రాలుతది, కడుపు పడవైతది, ఆఖరికి ముసల్దై అవతలి ఒడ్డు చేరుతది. ఆ పిల్ల నేనే. నా నడకను ఫోన్ల వీడియో తీసుకొని, అది చూసుకుంట ఒక్కో అడుగు గీసిన.

సినిమా అయిపోంగనే పెద్దమ్మ లేచి, "గిది మా చెల్లె నడకనే! ఎడమ కాలు జర ఈడుస్తది సూడుండ్రి" అన్నది. అందరూ నవ్విండ్రు. నేనూ నవ్విన.

తర్వాత లోపలికి పోయి ఫోన్ల నా నడక వీడియో మళ్ల చూసుకున్న. నిజమే, నేను కాలు ఈడుస్తున్న.

తునికాకు కోయవోయి ముల్లు దిగినప్పటి సంది నీ కాలు గట్లయింది. నా కాలుకైతే ఏ ముల్లూ దిగలే. నీ కొంగు పట్టుకొని నడక నేర్చుకున్న, అంతే.