మూడుసార్లు కట్ చేసిన ఫోన్

ఆదివారం, రాత్రి

ఛీ, నా మీద నాకే రోత పుడుతోంది. పాతపట్నంలో ఇవాళ నా స్నేహితుడు అప్పన్న పెద్దకర్మ. భోజనాలకు ముందు నేను పురాణం చెప్పాలని వాడి భార్య సూరమ్మ కోరిక. చీపురుపల్లి నుంచి బావ కొత్త కారులో బయలుదేరాం. కారులోనే మ్యాప్ తెర ఉంది. నేను దాన్ని నమ్మక నా ఫోన్‌ను స్టాండుతో ముందు అద్దానికి తగిలించాను.

"నా తెర ఎడమకి తిప్పమంటాది, నీ డబ్బా కుడికంటాది. ఏటి సేయమంటావు?" అన్నాడు బావ.

"నా ఫోన్ సెప్పినట్టు పోనీ బావా!"

దారిలో సూరమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తితే మ్యాప్ పోతుందని, బావ ముందు ఓడిపోతానని, మూడుసార్లూ కట్ చేశాను. చివరికి తవ్వేసిన కల్వర్టు దగ్గర ఆగిపోయాం. వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి చేరేసరికి విస్తళ్లు ఎత్తేశారు. జనం వెళ్లిపోయారు.

"కల్వర్టు తవ్వేసినారు, అటు రావద్దని సెప్దామనే సేసినాను అన్నయ్యా. పోన్లే, అన్నం తిను," అంది సూరమ్మ.

ఆ అన్నం ఎలా మింగానో! ఏనుగు మొర వినగానే స్వామి ఉన్నపళాన పరుగెత్తాడని ఊరూరా గొంతు చించుకునేవాణ్ణి. రేపు గరివిడిలో మళ్లీ అదే కథ చెప్పాలి. ఏ నోటితో...