హేమావతి కడుపుమంట

ఎమ్మిగనూరు, సోమవారం

అత్తమ్మకు కోడలు హేమావతి దండాలు.
ఫోన్లో మీకు వినపడదని రాస్తాండా. ఆడ మీ బిడ్డ శివలీల గృహప్రవేశానికి నేసే చీర సగమైంది. నాకు ఏడో నెల కదా, అన్నం తిని మగ్గం గుంతలో కూర్చుంటే చాలు, ఒకటే కడుపుమంట. చీర కొన్ని దినాలు ఆపమంటారా?
మీ హేమావతి
తా.క.: ఎర్రంచు వేసినా. శానా బాగా వచ్చింది.

రాయచోటి, గురువారం

కోడలికి తిమ్మమ్మ రాసేది.
కడుపుమంటని నీ చేత్తో నువ్వే రాసుకున్నావే, సిగ్గుండాలమ్మా! ఆడబిడ్డ కొత్తచీర కట్టుకుంటే నీ సొమ్మేం పోయింది? పుట్టింటి చీర లేకుండా నా బిడ్డ పాలు పొంగించాలనా? ఆపేది లేదు. నెయ్యి.
తిమ్మమ్మ
తా.క.: నేను చెప్పింది పచ్చంచు. ఎర్రది వేసింది కూడా కడుపుమంటతోనేనా?

ఎమ్మిగనూరు, ఆదివారం

అత్తమ్మా, దండాలు.
అయ్యో, ఆ మంట కాదు! పుల్లనీళ్లు గొంతులోకి ఎగదన్నుకొని వస్తాండాయి. డాక్టరమ్మకు చూపించుకున్నా. బిడ్డ పెరిగేకొద్దీ ఇట్లే ఉంటుందంట. కొంచెం కొంచెంగా తినమనింది, కారం తగ్గించమనింది, తిన్న వెంటనే పడుకోవద్దనింది. పడుకున్నా తల ఎత్తులో పెట్టమనింది. ముఖ్యంగా వంగొద్దనింది. వంగకుండా మగ్గం యాడ ఆడుతుంది?
మీ హేమావతి
తా.క.: మీరు రాసిన ‘నెయ్యి’ మందనుకొని మీ కొడుకు నా అన్నంలో రెండు గరిటెలు పోసినాడు. మంట రెండింతలైంది.

రాయచోటి, బుధవారం

హేమావతికి,
ఓహో! అత్తకు వంగొద్దు, తలెత్తుకొని తిరుగు అని చెప్పే డాక్టరమ్మ యాడ దొరికిందే నీకు? నలుగురిని కడుపులో పెట్టుకొని నేనూ ఆ గుంతలోనే కూర్చున్నా. నాకూ మండింది. ఎవరికి చెప్పుకోవాల? మింగుకున్నా. నెయ్యి అంటే చీర నెయ్యమని!
తిమ్మమ్మ
తా.క.: ఉత్తరం మూసేలోపల శుభవార్త. మన శివలీలకు మూడో నెలంట! పాపం, ఒకటే పుల్లతేన్పులు. ఈడ డాక్టరమ్మ దేవత, బిడ్డను వంగొద్దనింది. చెంబు కూడా ఎత్తనియ్యను. దాని తలకింద పెట్టేకి మనింటి దిండ్లు రెండూ పంపు. చీరతోపాటు ఉయ్యాల గుడ్డ కూడా నెయ్యి.

ఎమ్మిగనూరు, శనివారం

అత్తమ్మకు,
దిండ్లు పంపిస్తాండా. చీర పంపడం లేదు. మీకూ మండిందని రాసినారే, అది చదివి ఏడ్చినా. ఆ మంట తెలిసీ నన్ను గుంతలో కూర్చోమన్నారే!
మీ కొడుకును మగ్గంలో కూర్చోబెట్టి, నేను నందికొట్కూరు మా అమ్మ దగ్గరికి పోతాండా. నాకు కడుపుమంట అంటే మొదట మీరు తప్పుగా అర్థం చేసుకున్నారు. ఇప్పుడు మళ్లీ రాస్తాండా, నాకు కడుపుమంట. ఈసారి మీరు అనుకున్నదే సరి.
హేమావతి
తా.క.: శివలీలకు మాత్రం నెయ్యి పొయ్యొద్దండి. నిజంగానే శానా మండుతుంది.